తీగలు తుడిచేసిన ఆకాశం

ఆ మాట అన్నప్పుడు నేను మూడో వరసలో కూర్చున్నాను. విజయనగరంలో ఒక స్కూలు హాలు. గోడకి తెల్లగుడ్డ కట్టి, ప్రొజెక్టరుతో ఒక్కొక్కరి ఫొటో వేసి తప్పొప్పులు చెబుతున్నారు. నాది రామతీర్థం కొండ ఫొటో, పొద్దు పొడిచిన కాసేపటికి తీసింది. కింద కోసేసిన వరిచేను, మధ్యలో కొండ, పైన కరెంటు తీగలు. మా ఫొటో బృందానికి పెద్దాయన చేతిలోని లేజరు చుక్కని ఆ తీగల మీద అటూ ఇటూ తిప్పి, "కొండ బాగుంది. కానీ ఈ చెత్త ఏమిటండీ?" అన్నారు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అలా నవ్వినందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపమే.

ఎందుకంటే ఆ చెత్తని అక్కడ కట్టినవాళ్లలో నేనొకణ్ణి. కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మేన్‌గా చేరి పాతికేళ్లు దాటింది. రామతీర్థం వైపు పనిచేసే రోజుల్లో ఆ లైను వేశాం. ఆ ఏడాది వానలు వదల్లేదు. లారీ చేలోకి దిగదు. స్తంభానికి తాళ్లు చుట్టి, వాసాలు దూర్చి, పదిమందిమి భుజాలకెత్తుకుని మోకాలి లోతు బురదలో ఒక్కో అడుగూ వేశాం. ఒక స్తంభం దగ్గర మాలో ఒకడి కాలు జారి, బరువంతా మిగతావాళ్ల మీద పడింది. నా కుడిభుజం మీద అప్పటి కాయ ఇంకా ఉంది. ఆ తీగల చివర కొండ మొదట్లో చిన్న ఊరు. ఆ ఊళ్లో మోటారు తిరిగినా, పిల్లల తల మీద ఫ్యాను తిరిగినా ఆ తీగల వల్లే.

ఆ మాటలేవీ నేను ఆ హాల్లో చెప్పలేదు. "సరే సార్, తీసేస్తాను" అన్నాను.

ఫొటోల పిచ్చి నాకు స్తంభాల మీదే మొదలైంది. పని అయిపోయాక, దిగే ముందు, ఒక్క నిమిషం నడుముకి బెల్టు ఉండగానే చుట్టూ చూసేవాణ్ణి. చేల గట్లు, దూరంగా కొండలు, గజపతినగరం సంత రోజు రోడ్డు మీద బారులు తీరిన ఎడ్లు. కింద ఉన్నవాళ్లకి కనపడనిది నాకు కనపడుతోందని ఒక సంబరం. తర్వాత మోకాలు దెబ్బతిని ఎక్కడం తగ్గింది. కింద నిలబడి మిగతావాళ్లచేత పని చేయించే ఉద్యోగం వచ్చింది. అప్పుడే గజపతినగరం బజారులో ఫొటో స్టూడియో పెట్టుకున్న మావ దగ్గర పాత డిజిటల్ కెమెరా ఒకటి తీసుకున్నాను. మావ అంటే నా భార్యకి దూరపు మేనమామ. పెళ్లి ఫొటోలు తీసే ఓపిక పోయి, పాస్‌పోర్టు ఫొటోలతో కాలం గడుపుతున్న మనిషి. కెమెరా చేతికిచ్చి, "దీన్తో తీయడం తేలిక, సూడ్డం కట్టం" అన్నాడు.

బృందంలో చేరింది ఆ తర్వాతే. నెలకో ఆదివారం కలిసేవాళ్లం. పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన పెద్దాయన, లోకమంతా తిరిగి ఖరీదైన కెమెరాలతో ఫొటోలు తీసిన మనిషి, మాకు కంపోజిషను నేర్పేవారు. ఆయన దగ్గర నేర్చుకున్నవి లేవనను. ఫ్రేముని మూడు వాటాలుగా ఎలా చూసుకోవాలో, ఆకాశం బాగాలేని రోజు ఆకాశానికి చోటెందుకు తగ్గించాలో ఆయన చెబితేనే తెలిసింది. కానీ ఒక సంగతి నాకు మొదటినించీ మింగుడుపడలేదు. నా తీగలని చెత్త అన్న ఆదివారమే, నా తర్వాత గరివిడి దగ్గర రైలు పట్టాల ఫొటో ఒకటి వేశారు. "చూడండి, ఈ పట్టాలు మన కంటిని చేయి పట్టుకుని లోపలికి ఎలా తీసుకెళ్తున్నాయో!" అని పెద్దాయన పొంగిపోయారు. ఇనుప పట్టాలు కంటిని తీసుకెళ్తాయట. అల్యూమినియం తీగలు కంటికి అడ్డమొస్తాయట. ఆ పట్టాల పక్కనే దూరంగా ఒక ఫ్యాక్టరీ పొగగొట్టం ఉంది. దాన్ని మాత్రం కోసేయమన్నారు. ఆ ఫొటో తీసినతను ఆ పొగగొట్టం కింద పనిచేసే మనిషే. అతనూ నాలాగే తలూపాడు.

ఇంటికొచ్చి ఫోన్లో ఫొటో తెరిచాను. తీగ మీద వేలుతో గీస్తే చాలు, మాయమైపోతుంది. మూడు తీగలు, మూడు గీతలు. తర్వాత స్తంభం మీద వేలు పెట్టి రుద్దాను. అదీ పోయింది. పదిమంది భుజాల మీద మోసి పాతిన స్తంభం. అంత తేలిగ్గా పోయింది. ఆ ఫొటో బృందం వాట్సాప్ గ్రూపులో పెడితే పెద్దాయన, "ఇప్పుడు చూడండి, కొండ ఊపిరి పీల్చుకుంది" అని రాశారు. కింద అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. నా ఫొటోకి అన్ని చప్పట్లు ఎప్పుడూ రాలేదు.

మర్నాడు ఆ రెండు ఫొటోలూ మావ స్టూడియోలో అచ్చు తీయించాను. మెచ్చుకుంటాడనే తీసుకెళ్లాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఒరే అల్లుడూ, ఈ తీగలు ఎవుడు తీసీమన్నాడ్రా?"

"మా పెద్దాయన సెప్పినారు మావా. ఇప్పుడు బాగున్నాదా, నేదా?"

"నున్నగున్నాది. గుండు సేయించినట్టున్నాది." తర్వాత మొదటి ఫొటో నా ముందుకి తోశాడు. "ఇది మరీ దరిద్రంగున్నాది. తీగ సూడు, కొండ మెడ మీద కత్తి పెట్టినట్టు అడ్డంగా ఎల్తన్నాది. దాన్ని సూసి మీవోడికి సిరాకొచ్చింది. రావల్సిందే."

"అంటే తీసీడమే రైటు కదా?"

"తీగ తప్పేటిరా? అది దాని పని సేసుకుంటన్నాది. నువ్వు నిల్సున్న సోటు తప్పు. రేపొద్దున్న బండి తియ్యి, ఎల్దుము."

తెల్లారి బండి మీద ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని అదే చేనుకి వెళ్లాను. మావ గట్టు మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. నేను ఫొటో తీసిన చోటు చూపించాను. కాలవ గట్టు, చేలకంటే మనిషెత్తు ఎత్తున ఉంటుంది. మావ నవ్వాడు.

"నువ్వు స్తంభం దిగినా బుర్ర ఇంకా స్తంభం మీదే ఉన్నాది. దిగు. సేలోకి దిగు. ముందుకెల్లు... ఇంకా ముందుకి... కూకో."

మోకాలు నొప్పెట్టింది. కోసిన వరి మోళ్ల మీద కూర్చున్నాను.

"ఇప్పుడు సూడు. ఏటి కనపడతన్నాది?"

కెమెరా కంటికి పెట్టుకున్నాను. నేను కిందికి దిగేసరికి తీగలు కొండని విడిచిపెట్టి పైకి లేచిపోయాయి. కొండకీ తీగలకీ మధ్య ఆకాశం వచ్చింది. స్తంభం ఒక పక్కన నిటారుగా నిలబడింది. తీగలు దాని మీంచి వంపు తిరిగి, కొండ మొదట్లో తెల్లగోడల ఇళ్ల దగ్గర దిగుతున్నాయి. ఇంతకు ముందు ఫొటోలో ఆ ఊరే లేదు. గట్టు మీంచి చూస్తే తాటిచెట్ల వెనక ఉండిపోయింది.

"తీగలు ఊరికెల్తన్నాయి మావా."

"అదీ. నిన్న అవి ఎక్కడికీ ఎల్లనేదు. ఊరికే అడ్డంగా ఉన్నాయి. ఇప్పుడు పనిమీద ఎల్తన్నాయి." లేచొచ్చి నా కెమెరాలోకి తొంగి చూసి, "కింద సగం ఉత్తి మోళ్లే. అంతక్కర్నేదు, తగ్గించు. ఆ ఎడమ పక్క గేదె తోక ఒక్కటే వచ్చినాది. గేదె అయినా రావాల, తోకైనా పోవాల. దాన్ని ఎల్లనీ, అప్పుడు నొక్కు."

గేదె వెళ్లేదాకా ఆగి తీశాను. ఆ రోజు నేను నేర్చుకున్నంత ఏడాది ఆదివారాల్లో నేర్చుకోలేదు. ఆయన నన్ను మెచ్చుకున్న మాట ఒక్కటి లేదు. ప్రతి మాటా తప్పు పట్టేదే. కానీ ప్రతి తప్పు వెనకా ఒక చోటు చూపించాడు, అక్కడికి నన్ను నడిపించాడు.

ఆ ఫొటో గ్రూపులో పెడితే పెద్దాయన ఒక్క ముక్క రాశారు. "మళ్లీ తీగలేనా?" పక్కన నవ్వుతున్న బొమ్మ.

ఆ తర్వాతి ఏడాది తుపాను వచ్చింది. మా వైపు చెట్లు కూలాయి గానీ, శ్రీకాకుళం తీరం పల్లెల్లో ఒక్క లైను మిగల్లేదు. చుట్టుపక్కల సెక్షన్లనించి మనుషుల్ని పంపారు, అందులో నేనూ వెళ్లాను. సరుగుడు తోటల వెనక, సముద్రం ఒడ్డునే ఉన్న ఒక పల్లె మా వంతుకి వచ్చింది. అక్కడి బళ్లోనే పడుకుని, తొమ్మిది రోజులు పని చేశాం. తీగలు చెట్లకి చుట్టుకుపోయి, స్తంభాలు నడుముల దగ్గర విరిగి ఇసకలో పడి ఉన్నాయి.

ఆ వరసలో చివరి ఇల్లు ఎండుచేపలు అమ్మే ఒకావిడది. నాకంటే కొంచెం పెద్దది. భర్త పడవ మీద వేటకి వెళ్తాడు. గాలికి ఇంటి కప్పు ఒక పక్క రేకులు లేచిపోయాయి, మిగతాది నిలబడింది. చేపలు ఎండబెట్టే వెదురు పందిళ్లు రెండూ పడిపోతే, మేం వెళ్లిన రెండో రోజుకే ఆవిడ ఒక్కతే మళ్లీ కట్టేసింది. మధ్యాహ్నం మా అందరికీ గంజి, కాల్చిన ఎండుచేప తెచ్చిపెట్టేది. మా వైపు అక్కని పిలిచినట్టే నేను అప్పా అని పిలిచేవాణ్ణి. ఆవిడ నన్ను బావూ అనేది.

పని పూర్తయి, ఒక మధ్యాహ్నం లైన్లోకి కరెంటు వదిలాం. ఆవిడ ఇంట్లో ఫ్యాను తిరిగింది. గుమ్మంలో నిలబడి దాన్ని చూసి, "తిరిగినాది సాల్లే, ఆపు, గాలి బయటుంది కదా" అని నవ్వింది.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాలి. ఆ లోపల ఒక ఫొటో తీద్దామని ఇసకదిబ్బ ఎక్కాను. కొత్త స్తంభాల వరస, ఆవిడ ఇల్లు, పందిళ్ల మీద చేపలు, వెనక సముద్రం. తీసి ఆవిడకి చూపించాను. కెమెరా వెనక ఉండే ఆ చిన్న అద్దాన్ని అరచేత్తో నీడ పట్టి చూసింది.

"ఇదేటి బావూ, సముద్రం సెరువులాగున్నాది?"

"బాగునేదా అప్పా?"

"మా ఇల్లు బాగానే ఉన్నాది. సముద్రమే మాది కాదు. నువ్వు దిబ్బెక్కి సూస్తన్నావు. మేమలగ సూడం. అక్కడ కూకుంటాం." ఒడ్డున తడిఇసక చూపించింది. "పడవ కోసం అక్కడ కూకొని సూస్తే, అల లెగిసినప్పుడు పడవ కనపడదు. మళ్లీ పడినప్పుడు కనపడతాది. కనపడే దాకా ఊపిరి ఆడదు."

వెళ్లి ఆవిడ చెప్పిన చోటే ఒక మోకాలు ఆనించి కూర్చున్నాను. ప్యాంటు తడిసిపోయింది. కెమెరా రెండో మోకాలి మీద పెట్టుకుని ఒడ్డు పొడుగునా చూశాను. ఎడమ పక్క అల లేచింది, నా తలకంటే ఎత్తుగా లేచి తన వెనక నీళ్లన్నిటినీ కప్పేసింది. కుడి పక్క ఆవిడ ఇల్లు, పందిళ్లు, ఆకాశంలోకి నిటారుగా మా స్తంభాలు. అటు అల, ఇటు స్తంభాలు, మధ్యలో ఆ ఇల్లు. ఆవిడ తట్ట పట్టుకుని పందిరి దగ్గరికి వెళ్తోంది. అప్పుడు నొక్కాను. నా జీవితంలో నేను తీసిన మంచి ఫొటో అదేనని అప్పటికప్పుడే అనిపించింది.

కొన్ని నెలలకి బృందంవాళ్లు విజయనగరంలో ప్రదర్శన పెట్టారు. మన కొండలు, మన తీరం మీద ఫొటోలు కావాలన్నారు. నేను ఆ ఫొటో పంపాను. పెద్దాయన స్వయంగా ఫోన్ చేశారు. "లైన్‌మేన్ గారూ, అద్భుతం. ఆ అల చూశారా! దీన్ని అన్నిటికంటే పెద్ద సైజులో వేయిస్తున్నాం. కాస్త మెరుగులు మేం దిద్దుతాం, ఫర్వాలేదు కదా?" అన్నారు. రంగులు సరిచేస్తారనుకున్నాను. "సరే సార్" అన్నాను. ఆ రెండు మాటల గురించి తర్వాత ఎన్నిసార్లు తిట్టుకున్నానో చెప్పలేను. ఎవరైనా నా లైను మీద చెయ్యి వేస్తానంటే ఎక్కడ, ఏమిటి, ఎంతసేపు అని పది ప్రశ్నలు వేసేవాణ్ణి. ఫొటో విషయంలో ఒక్కటీ అడగలేదు.

ఆ ఊరికి ఫోన్ చేసి అప్పని పిలిచాను. ఆవిడ తన పందిళ్లు ఆడపడుచుకి అప్పగించి, రెండు బస్సులు మారి వచ్చింది. మంచి చీర కట్టుకుంది. మా ఇంటికని కాగితంలో నెత్తళ్లు, అంటే సన్నటి ఎండుచేపలు, చుట్టి తెచ్చింది.

హాల్లో ఇద్దరం ఒక్కో ఫొటో చూసుకుంటూ నడిచాం. కొండలు, జలపాతాలు, మంచులో తాటిచెట్లు. ఎదురుగోడ మధ్యలో అన్నిటికంటే పెద్ద ఫొటో ఉంది. నారింజరంగు ఆకాశం, పెద్ద అల, ఖాళీ ఇసక, ఒక కొబ్బరిచెట్టు. ఆవిడ దాన్ని దాటి వెళ్లిపోయింది. నేనూ దాటాను. రెండడుగులు వేశాక అల గుర్తొచ్చి వెనక్కి తిరిగాను. కింద చీటీ మీద నా పేరు ఉంది.

నేను ఆగిపోయేసరికి ఆవిడా వెనక్కి వచ్చింది. చూసింది. నా మొహం చూసింది. మళ్లీ ఫొటో చూసింది.

"ఇది మనదేనా బావూ?"

ఆవిడ ఫొటో దగ్గరికి వెళ్లి, కొబ్బరిచెట్టు పక్కన ఇసక మీద వేలు పెట్టింది. "మా ఇల్లేది?"

స్తంభాలు లేవు. తీగలు లేవు. పందిళ్లు లేవు. ఇల్లు ఉన్న చోట నున్నటి ఇసక. తట్ట పట్టుకుని నడుస్తున్న మనిషి లేదు. నేను తీసినప్పుడు ఆకాశం మబ్బుగా, బూడిదరంగులో ఉంది. ఇక్కడ ఎవరిదో, ఏ ఊరిదో సాయంత్రం తెచ్చి అతికించారు. ఆ కొబ్బరిచెట్టు ఎక్కణ్నించి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

"తుపాన్లో ఒక పక్క రేకులే ఎగిరినాయి. మీవోళ్లు మొత్తం ఎత్తీసినారు" అంది ఆవిడ. అరవలేదు, ఏడవలేదు. ఆ మాట అలా మామూలుగా అనడమే నాకు కాల్చినట్టయింది.

అప్పుడే పెద్దాయన నలుగురు అతిథుల్ని వెంటబెట్టుకుని వచ్చారు. "ఇదిగో, ఈ ఫొటో తీసిన మన లైన్‌మేన్ గారు! చూడండి, ఎంత ప్రశాంతంగా ఉందో."

"సార్, ఇందులో ఒక ఇల్లుండాలి" అన్నాను.

"ఉండేది. ఆ రేకులు, చేపలు, తీగలు... కన్ను అక్కడే ఆగిపోతోందండీ. అలని చూడనివ్వడం లేదు. అందుకే శుభ్రం చేయించాం. ఏది తీసేయాలో తెలియడమే కదా కంపోజిషనంటే."

"ఆ ఇల్లు ఈవిడది సార్."

ఆయన అప్పుడే ఆవిడని చూశారు. చేతులు జోడించారు. "నమస్కారమమ్మా. మీ ఊరు చాలా అందంగా ఉంది." నా వైపు తిరిగి గొంతు తగ్గించి, "ఇలాంటివి మనసులో పెట్టుకోకూడదు. ఇది కళ" అన్నారు.

ఆవిడే జవాబు చెప్పింది. "కన్ను ఆగిపోతే తప్పేటి బావూ? కూసింతసేపు ఆగి సూస్తే ఏటి పోయినాది?"

అతిథుల్లో ఒకాయన నవ్వబోయి ఆపుకున్నాడు. పెద్దాయన మొహం ఎర్రబడింది. "లైన్‌మేన్ గారూ, విమర్శ తట్టుకోలేకపోతే ఎవరూ ఎదగలేరు. మీ మంచికే చేశాం."

అప్పటిదాకా ఆయనతో నేను పుస్తకాల తెలుగులో మాట్లాడేవాణ్ణి. ఆ మాట వినేసరికి మా అమ్మ భాష వచ్చేసింది.

"ఇది విమర్శ కాదు సార్. తప్పుంటే నాకు సెప్పాల. ఇక్కడ్నుండి కాదు, అక్కడ్నుండి తియ్యి అనాల. నాను మళ్లీ బస్సెక్కి ఎల్తాను. ఆ తడిఇసకలో మళ్లీ కూకుంటాను, పదిసార్లు తీస్తాను. మీరు నాకేటీ సెప్పనేదు. ఆ ఊరు ఎలగుంటాదో మీకు తెల్దు, ఎల్లి సూడనేదు. ఏసీ గదిలో కూకొని ఒక మనిసి ఇల్లు తుడిసీసినారు. నాను కట్టిన లైను తుడిసీసినారు. కింద మాత్రం నా పేరెట్టినారు."

"నెమ్మదిగా మాట్లాడండి, అతిథులున్నారు" అని ఎవరో నా భుజం పట్టుకున్నారు. నేను ఫొటోని కొక్కెం మీంచి తీయబోయాను. "ఫ్రేము బృందానిదండీ" అని మరొకరు అడ్డం వచ్చారు. నిజమే, ఫ్రేము వాళ్లదే. ఆ మాటకొస్తే ఆ ఫొటో కూడా వాళ్లదే. నాది అందులో ఏముంది గనక? కింద అతికించిన చీటీ గోటితో లేపి, పీకి, జేబులో పెట్టుకున్నాను. "బొమ్మ మీది, ఉంచుకోండి. పేరు నాది" అన్నాను.

బయట టీ దుకాణం దగ్గర కూర్చున్నాం. ఆవిడని రెండు బస్సులెక్కించి రప్పించి, ఆవిడ ఇల్లు లేని ఫొటో చూపించాను. క్షమించమని ఎలా అడగాలో తెలియలేదు. ఆవిడ గ్లాసులో టీ ఊదుకుంటూ అంది:

"మాకేటి కొత్త బావూ? తుపానయ్యాక ఏ ఇళ్లు పడ్డాయో రాసుకోడానికి ఒకడొచ్చినాడు. రోడ్డు మీదే నిల్సొని రాసుకెల్లిపోయినాడు. మా వరస సరుగుడు సెట్ల ఎనకుంటాది కదా, ఆడికి కనపళ్నేదు. ఇక్కడ ఇళ్లే నేవని రాసుకున్నాడట. తిరిగి తిరిగి, మళ్లీ రాయించుకోడానికి మూడు నెల్లు పట్టినాది."

అప్పటిదాకా నా కోపం నా ఫొటో గురించే. ఆ మాటతో అది ఇంకెక్కడికో వెళ్లింది. రోడ్డు మీద నిలబడి రాసుకెళ్లిన మనిషికి చెట్ల వెనక ఇల్లు కనపడలేదు. కనపడలేదు గనక లేదని రాశాడు. మా పెద్దాయనకి కనపడింది. కనపడింది గనకే తుడిపించాడు. ఈ ఇద్దరిలో ఎవరిది పెద్ద తప్పో నాకు తేలలేదు. ఇద్దరిలో ఏ ఒక్కరైనా రెండడుగులు అటు వేసి ఉంటే ఎంత బాగుండేది!

ఆవిడని బస్సెక్కించి ఇంటికొచ్చేసరికి నన్ను గ్రూపులోంచి తీసేశారు. ఆ వారంలో ఐదారుగురు విడిగా మెసేజ్‌లు పెట్టారు. మీరన్నది న్యాయమే, నాకూ అలాగే జరిగింది, అని. రైలు పట్టాల ఫొటో తీసినతను ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాడు. "ఆ మాట గ్రూపులో అనకపోయావా?" అని అడిగితే, "మనకెందుకు లెండి గొడవ" అన్నాడు. ఆ నారింజరంగు బొమ్మ ప్రదర్శన అయ్యేదాకా పేరు లేకుండా అక్కడే వేలాడింది. దాని ముందు నిలబడి చాలామంది సెల్ఫీలు తీసుకున్నారని విన్నాను.

అసలు ఫొటో అచ్చు తీయించి మావకి చూపించాను. జరిగిందంతా చెప్పాను. కోపంగా చెప్పాను, గొంతు పెద్దది చేసి చెప్పాను. ఆయన ఊకొడుతూ విన్నాడు, మధ్యలో ఆపలేదు. అంతా విని, సొరుగులోంచి స్కేలు తీసి ఫొటో మీద అడ్డంగా పెట్టాడు.

"కోపం సరే అల్లుడూ. కోపం రావల్సిందే. ఫొటో ఒరిగిపోయినాది సూసినావా?"

అలకీ ఇంటికీ మధ్య సముద్రం, ఆకాశం కలిసే గీత కుడివైపుకి వాలిపోయి ఉంది. స్తంభాలన్నీ కూడా ఆ వాలుకే వాలాయి. అన్ని నెలలు ఆ ఫొటోని రోజూ చూసుకున్నాను, నాకు కనపడలేదు.

"తిప్పి సరిసేస్తాను మావా, ఫోన్లో అయిపోతాది."

"అయిపోతాది. తిప్పితే మూలలు పోతాయి. ఆ మూల పందిరి కొస పోతాది, ఇటుపక్క అల కొస పోతాది. నీకిట్టమైతే తిప్పుకో."

నాకు మళ్లీ ఒళ్లు మండింది. ఆ రోజు ఇంక ఎవరి తప్పూ వినే ఓపిక లేదు. ఫొటో తీసుకుని చెప్పకుండా వచ్చేశాను. రెండు వారాలు ఆ వీధి వైపు వెళ్లలేదు. మూడో వారం సెలవు పెట్టి, పొద్దున్నే బస్సెక్కి ఆ పల్లెకి వెళ్లాను.

ఆ రోజు వెలుగు బాగాలేదు. అలలూ అంత ఎత్తు లేవడం లేదు. అప్పకి సంగతి చెబితే, "ఒరిగిపోయినాదా? మరి నువ్వు ఒంటి మోకాలి మీద కూకున్నావు కదా, ఒరగదేటి" అంది. నేను కూర్చున్న తీరు చూసిందట, అప్పుడు చెప్పలేదట. ఈసారి కాళ్లు రెండూ చాపి ఇసకలో కూలబడ్డాను. పదకొండు తీశాను. ఒకదాంట్లో అల లేదు, ఒకదాంట్లో కుక్క అడ్డం వచ్చింది, ఒకదాంట్లో ఆవిడ నన్నే చూస్తోంది. మావ వాటిని బల్ల మీద పరిచి, చాలాసేపు అటూ ఇటూ జరిపి, ఒకటి పక్కకి తీశాడు. "ఇది నిల్సున్నాది. అల సాల్దు. మిగిలింది పరవానేదు." ఆయన నోటినుంచి పరవానేదు రావడం అదే మొదటిసారి.

ఆ ఫొటో అప్పకి పంపాను. ఉప్పుగాలికి పాడైపోతుందని ప్లాస్టిక్ కవర్లో పెట్టి తలుపు వెనక తగిలించిందట. ఏ ప్రదర్శనకీ పంపలేదు. కొత్త గ్రూపుల్లో చేరమని ఇద్దరు ముగ్గురు అడిగారు, చేరలేదు. రైలు పట్టాల ఫొటో తీసినతను మాత్రం నెలకోసారి గరివిడినుంచి ఫొటోలు తెచ్చి మావ స్టూడియోలో కూర్చుంటున్నాడు. మావ అతన్నీ వదలడు.

మొన్న విజయనగరం కూరగాయల బజారులో పెద్దాయన ఎదురుపడ్డారు. సంచీ పట్టుకుని వంకాయలు ఏరుకుంటున్నారు. నన్ను చూసి నవ్వారు. "ఏమండీ లైన్‌మేన్ గారూ, ఇంకా కోపమేనా?" అన్నారు, చిన్నపిల్లాడి అలక గురించి అడిగినట్టు.

"అవును సార్, ఇంకా కోపమే" అన్నాను. ఆయన ఏదో చెప్పబోయారు. నేను ఆగలేదు.